నోటీసు ఎవరి పేరున?

ప్రభుత్వ భూమిలో ఇళ్ళు వేసుకున్న పేదలను ఖాళీ చేయించే తంతు మన దగ్గర దాదాపు ఒకే పద్ధతిలో సాగుతుంది. ముందు సర్వేయరు వచ్చి కొలతలు రాసుకుపోతాడు. కొన్నాళ్ళకి గోడల మీద రంగు గుర్తులు పడతాయి. ఆ తర్వాత ఒక కాగితం వస్తుంది. లేదా రాకుండానే వచ్చినట్టు రికార్డులో రాసుకుంటారు. చివరికి ఒక పొద్దుటిపూట పోలీసు వ్యాన్లూ, వాటి వెనకాల జేసీబీలూ దిగుతాయి. మగవాళ్ళు చాలామంది అప్పటికే కూలి అడ్డాకి వెళ్ళిపోయి వుంటారు. సామాను బయటికి మోసేది, జేసీబీకి అడ్డంగా కూచునేది, పోలీసులు ఈడ్చి పక్కన పడేస్తే లేచి మళ్ళీ వచ్చేది ఆడవాళ్ళు. మర్నాడు పేపర్లో ఫోటో పడేది కూడా వాళ్ళదే. కాని ఆ కాగితం మీద పేరు మాత్రం చాలాసార్లు వాళ్ళది కాదు.

పేరు ఎవరిదైతే ఏమిటి, కూలేది అందరి ఇల్లే కదా అనిపించవచ్చు. అలా అనుకోవడం వల్లనే కోర్టుకెక్కినప్పుడు కూడా మన పోరాటం సగంలో ఆగిపోతోందని నా అభిప్రాయం. ప్రభుత్వ భూమి నుంచి తొలగింపును కోర్టులో సవాలు చేసేటప్పుడు స్త్రీ కుటుంబంలో ఒక సభ్యురాలిగా కాక, స్వంత హక్కు గల పిటిషనరుగా నిలబడాలి. ఇది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కేసులో మనం ఏమి అడుగుతాం, ఏమి రుజువు చేస్తాం, చివరికి ఎవరికి ఏమి దక్కుతుంది అన్న మూడూ దీని మీదే ఆధారపడి వున్నాయి.

చట్టం చేతిలో రెండు కొలతలు

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రభుత్వ భూమి నుంచి మనుషులను తొలగించడానికి రెవెన్యూ శాఖ వాడే ప్రధాన ఆయుధం 1905 నాటి భూ ఆక్రమణ చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లదొరలు చేసిన చట్టం అది. దీని 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి సంజాయిషీ అడగాలి. 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించవచ్చు. 10వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. రైల్వే వంటి కేంద్ర ప్రభుత్వ స్థలాలకి 1971 నాటి చట్టం వేరే వుంది. దాని కింద ఎస్టేట్ ఆఫీసరు ఉత్తర్వు ఇస్తే జిల్లా జడ్జి దగ్గర అప్పీలుకి గడువు 12 రోజులు మాత్రమే. ఈ రెండు చట్టాల్లోనూ స్థలం తనదనేదీ ప్రభుత్వమే, విచారించి తేల్చేదీ ప్రభుత్వోద్యోగే.

ఈ దగ్గరి దారిని ఎవరి మీద పడితే వాళ్ళ మీద వాడడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. అది మన హైదరాబాదు కేసు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం నిజాం ప్రభుత్వం హబ్సిగూడలో సేకరించిన భూముల మీద వచ్చిన తగాదా. తుమ్మల కృష్ణారావు కేసుగా న్యాయవాదులకి పరిచయం. యాజమాన్యం గురించి నిజమైన వివాదం వుండి, మనిషి చాలాకాలంగా స్వాధీనంలో వున్నప్పుడు, ప్రభుత్వం తనకు తానే తేల్చుకుని 1905 చట్టం కింద ఖాళీ చేయించకూడదు, అందరిలాగే సివిల్ కోర్టుకి పోవాలి అన్నది తీర్పు సారాంశం. రాసినవారు ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్.

మూడేళ్ళ తర్వాత, 1985 జూలై 10న, ఆయనే ఇంకొక తీర్పు ఇచ్చారు. 1981 వానాకాలంలో బొంబాయి పేవ్‌మెంట్ల మీద, మురికివాడల్లో వున్నవాళ్ళను వెళ్ళగొట్టాలని మహారాష్ట్ర ప్రభుత్వమూ నగరపాలక సంస్థా పూనుకున్నప్పుడు, అక్కడి నివాసులతోపాటు ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు కూడా కోర్టుకి వెళ్ళింది. ఆ కేసు ఆమె పేరుతోనే నిలిచిపోయింది. పని దొరికే చోటికి దగ్గరగా వుండడానికే మనుషులు పేవ్‌మెంటు మీద బతుకుతారు, అక్కడినుంచి తోలేస్తే పని పోతుంది, పని పోతే బతుకు పోతుంది, కాబట్టి జీవనోపాధి హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మామూలుగా నోటీసు ఇవ్వాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని కూడా చెప్పింది. ఇది గొప్ప మాటే. కాని అదే తీర్పు పేవ్‌మెంటు మీద వుండే హక్కు ఎవరికీ లేదంది. నోటీసు లేకుండా తొలగించే అధికారం ఇచ్చిన 1888 నాటి మున్సిపల్ చట్టం సెక్షనును కొట్టెయ్యలేదు. 1985 అక్టోబరు 31 దాకా, అంటే వానలు వెలిసేదాకా, గడువు మాత్రం ఇచ్చింది.

ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. "ఈ భూమి నాది" అనగలిగిన వాళ్ళకి సివిల్ కోర్టు దొరికింది. "ఇది నాది కాదు, కాని నాకు వేరే దిక్కు లేదు" అన్నవాళ్ళకి నోటీసూ, కొన్నాళ్ళ గడువూ దొరికాయి. పాత పత్రమో, శివాయి జమ రసీదో, బి-మెమో కాగితమో చేతిలో పెట్టుకుని భూమి తనదని వాదించగలిగిన స్త్రీలు ఎంతమంది? ఆ కాగితాలు వున్న ఇళ్ళలో కూడా అవి మామగారి పేరునో భర్త పేరునో వుంటాయి. అంటే మన స్త్రీలలో చాలామందికి మిగిలేది రెండో దారి. యాజమాన్యం దారి కాదు, జీవితం దారి. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు తమ జీవితం ఏమిటో, దానిలో ఏది కూలిపోతోందో కోర్టు ముందు పెట్టాలి. మనం చెయ్యనిది ఆ పనే.

"చట్టప్రకారం నడుచుకోండి"

జేసీబీ వస్తోందని తెలిసిన రోజు బస్తీ అంతా కలిసి చందాలు వేసుకుని ఒక వకీలును పట్టుకుంటారు. లంచ్ మోషనో, రాత్రయితే హౌస్ మోషనో వేస్తారు. హైకోర్టు ప్రభుత్వ ప్లీడరును అడుగుతుంది. నోటీసు ఇవ్వలేదని తేలితే, "చట్టప్రకారం తప్ప వీరిని ఖాళీ చేయించరాదు" అని ఒక ఉత్తర్వు వస్తుంది. చాలా రిట్లు ఆ ఒక్క వాక్యంతో ముగిసిపోతాయి. బస్తీలో స్వీట్లు పంచుకుంటారు.

ఆ ఉత్తర్వును నేను తక్కువ చెయ్యడం లేదు. ఆ రాత్రి పిల్లలు కప్పు కింద పడుకున్నారంటే దానివల్లే. కాని దాని అర్థం ఏమిటి? ఖాళీ చేయించవద్దని కాదు, పద్ధతిగా ఖాళీ చేయించమని. నెల తిరగకుండా తహసీల్దారు ఈసారి 7వ సెక్షన్ నోటీసు పద్ధతిగా పంపిస్తాడు. అసలు కేసు మొదలయ్యేది అప్పుడు. సరిగ్గా అప్పుడే బస్తీ అలిసిపోయి వుంటుంది. ఎవరో ఒక నాయకుడు అందరికీ ఒకే రకం జవాబు టైపు చేయించి, ఇంటికో మగవాడి సంతకం తీసుకుని ఆఫీసులో ఇచ్చి వస్తాడు. "మేము ఎన్నో ఏళ్ళుగా వుంటున్నాము, పేదవాళ్ళము, దయతలచండి" అని అందులో వుంటుంది. తహసీల్దారు "సంజాయిషీ సంతృప్తికరంగా లేదు" అని 6వ సెక్షన్ ఉత్తర్వు రాస్తాడు. రెండోసారి హైకోర్టుకి పోతే, "నోటీసు ఇచ్చారు, జవాబు తీసుకున్నారు, ఇంకేమి కావాలి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది.

రిట్ పిటిషన్లలో సాధారణంగా సాక్షులను బోనెక్కించి విచారించరు. కాగితం మీద వున్నదాన్ని బట్టే నడుస్తాయి. నోటీసుకి ఇచ్చిన జవాబులో లేనిది, అఫిడవిట్‌లో రాయనిది కోర్టు దృష్టిలో జరగనట్టే లెక్క. దయతలచమనే జవాబులో ఇంటి స్త్రీ గురించి ఒక్క వాక్యం వుండదు. ఆమె చేసే పని వుండదు, ఆమె మీద ఆధారపడ్డ వాళ్ళు వుండరు, ఆమె ఎక్కడికి పోగలదో పోలేదో వుండదు. అందువల్ల ఆమె తరఫున తీర్పు ఇవ్వాలనుకున్న న్యాయమూర్తికి కూడా పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

కాగితాల్లో లేని మనిషి

ఇళ్ళస్థలాలు పంచేటప్పుడు మన ప్రభుత్వాలు స్త్రీని చూడగలవు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన ఇళ్ళస్థలాల పథకంలో పట్టాలు మహిళల పేరునే ఇచ్చారు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్ళకి కూడా ఇంటి ఇల్లాలి పేరే ప్రాతిపదిక. ఇది స్త్రీల ఉద్యమాలు ఎన్నో ఏళ్ళు అడిగి సాధించుకున్నదే. మరి ఇచ్చేటప్పుడు కనబడిన మనిషి తీసేసేటప్పుడు ఎందుకు మాయమవుతుంది? ఇచ్చేటప్పుడు ఆమె లబ్ధిదారు. తీసేసేటప్పుడు "ఆక్రమణదారు ఫలానా, కుటుంబ సభ్యులు నలుగురు" అన్న లెక్కలో ఆ నలుగురిలో ఒకతె.

తొలగింపు సర్వేల్లో లెక్క కట్టేది ఇళ్ళను, కుటుంబ యజమానులను. ఒక ఇంట్లో అత్తా, విధవరాలైన కోడలూ, ఆమె పిల్లలూ వుంటే ఒకే లెక్క. భర్త వదిలేసి ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకున్నా కరెంటు బిల్లు ఇంకా అతని పేరునే వస్తుంటే, ప్రత్యామ్నాయ ఇల్లు ఇస్తామన్న రోజున వచ్చి సంతకం పెట్టి తాళం తీసుకోగలిగేది అతనే. గుడిసెలో కిరాయికి వుండే ఒంటరి స్త్రీ అయితే ఏ లెక్కలోకీ రాదు. గుడిసె యజమానికి పరిహారం గురించి మాట్లాడతారు. కిరాయిదారుకి "నువ్వు ఇంకోచోట చూసుకో" అంటారు. బస్తీల్లో తిరిగే మనకి ఇవి కొత్త సంగతులు కావు. కాని మనం వేసే పిటిషన్లలో కూడా వీటికి చోటు లేకపోవడం గురించి ఆలోచించాలి.

స్త్రీకి కాగితాలు లేవని అనడం అలవాటైపోయింది. నిజానికి ఆమెకి కాగితాలు వున్నాయి, వాటిని ఎవరూ నివాసానికి రుజువుగా చూడరు. అంగన్‌వాడీ రిజిస్టరులో ఆమె పేరు, బిడ్డ పేరు వుంటాయి. టీకాల కార్డు వుంటుంది. బడిలో పిల్లల అడ్మిషన్ రిజిస్టరు వుంటుంది. డ్వాక్రా గ్రూపు పాస్‌బుక్కు, గ్రూపు మీటింగుల తీర్మానాల పుస్తకం వుంటాయి. తెలంగాణలో 2017 నుంచి ఇస్తున్న ఒంటరి మహిళ పింఛను జాబితాలో వుంటే, ఆమె వేరుగా బతుకుతోందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. గ్యాస్ బండ పుస్తకం, వోటరు కార్డు సరేసరి. ఏ సంవత్సరం నుంచి ఈ బస్తీలో వుంటోందో చెప్పడానికి భర్త పేరున వున్న కరెంటు బిల్లు కన్నా ఇవి ఏ విధంగానూ తక్కువ కావు. వీటిని జేసీబీ రాకముందే నకళ్ళు తీసి బయట భద్రం చెయ్యాలి. ఇల్లు కూల్చినప్పుడు మొదట మట్టిలో కలిసేది ఈ కాగితాలే.

పోయేది ఇల్లొక్కటే కాదు

ఈ సందర్భంలో ఢిల్లీ హైకోర్టు 2010 ఫిబ్రవరి 11న సుదామా సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు మనకి చాలా ముఖ్యమైనది. ఒక ఝుగ్గీ నుంచి కుటుంబాన్ని బలవంతంగా వెళ్ళగొట్టినప్పుడు అందులోని ప్రతి ఒక్కరూ ఒక హక్కుల మూటనే కోల్పోతారని ఆ తీర్పు చెప్పింది. ఉపాధి, నీడ, ఆరోగ్యం, చదువు, పౌర సదుపాయాలు, అన్నిటికీ మించి గౌరవంగా బతికే హక్కు. "కుటుంబం" అని కాక "ప్రతి ఒక్కరూ" అనడంలో మనకి కావలసినదంతా వుంది. అక్కడి ప్రభుత్వం, వీళ్ళు రోడ్డు కోసం కేటాయించిన స్థలంలో వున్నారు కాబట్టి పునరావాస విధానం వర్తించదని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ముందు సర్వే చెయ్యాలి, అక్కడివాళ్ళతో అర్థవంతంగా మాట్లాడాలి, పునరావాసం సంగతి తేల్చాలి అంది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు అల్మిత్రా పటేల్ కేసులో, ప్రభుత్వ భూమిని ఆక్రమించినవాడికి ఉచితంగా వేరే స్థలం ఇవ్వడం జేబుదొంగకి బహుమానం ఇవ్వడం లాంటిదని వ్యాఖ్యానించింది. ఆ మాటలు ఇంకా గాలిలో వున్నప్పుడే ఢిల్లీ హైకోర్టు ఇలా చెప్పింది. 2019లో అజయ్ మాకెన్ కేసులో, 2015 డిసెంబరులో శకూర్ బస్తీలో రైల్వే వాళ్ళు చేసిన కూల్చివేత సందర్భంగా, అదే కోర్టు ఈ దారినే బలపరిచింది.

ప్రతి ఒక్కరూ అన్న ఆ మాటను మన అఫిడవిట్లలోకి తెచ్చుకోవాలి. నాలుగిళ్ళలో పాచిపని చేసే మనిషికి ఆ నాలుగిళ్ళూ నడిచి వెళ్ళే దూరంలో వుండడమే ఆమె ఉపాధి. ఆమెను ఊరవతల కాలనీకి తరలిస్తే పొద్దున్న ఆరింటికి పనిలో వుండాలంటే ఎన్నింటికి బస్సు ఎక్కాలి? చంటిబిడ్డను ఎవరికి వదలాలి? పాతబస్తీలో ఇంట్లో కూచుని లక్క గాజులు చేసే మనిషికి, బీడీలు చుట్టే మనిషికి, మిషను కుట్టే మనిషికి ఇల్లే కార్ఖానా. ఇల్లు కూలితే ఆమె ఇల్లూ, ఉద్యోగమూ ఒకే పూట పోతాయి. ఓల్గా టెల్లిస్ తీర్పు చెప్పిన సూత్రం నిజానికి ఈ స్త్రీలకే అందరికన్నా ఎక్కువగా వర్తిస్తుంది. మగవాడు దూరం వెళ్ళి కూలి వెతుక్కోగలడని అధికారులు వాదించవచ్చు. బిడ్డలనూ ముసలివాళ్ళనూ చూసుకుంటూ ఈ చుట్టుపక్కలే బతుకు కట్టుకున్న మనిషి గురించి ఆ వాదన నిలవదు. కాని దీన్ని ఆమె పేరుతో, ఆమె పని వివరంతో రాసి పెడితేనే నిలవదు.

2024 తీర్పు, దానిలోని కిటికీ

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు కూల్చివేతల మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రిజిస్టరు పోస్టులో పంపాలి, ఇంటికి అంటించాలి కూడా. స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కారణాలతో ఉత్తర్వు రాయాలి. ఆ తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి. కూల్చేటప్పుడు వీడియో తియ్యాలి. ఉల్లంఘించిన అధికారి తన జేబులోంచి కట్టుకోవాల్సి వస్తుంది. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు రాత్రికి రాత్రి వీధిన పడడం చూడదగ్గ దృశ్యం కాదని కూడా ఆ తీర్పు బాధపడింది.

అందరం సంతోషించాం. కాని తీర్పులోనే ఒక మినహాయింపు వుంది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన, నది లేదా నీటి వనరులో వున్న అనధికార కట్టడాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. కోర్టు కూల్చమని ఆదేశించినప్పుడు కూడా వర్తించవు. పట్టణాల్లో నిరుపేదలు వుండేది ఎక్కడ? నాలా గట్టున, పట్టాల పక్కన, చెరువు శిఖంలో, రోడ్డు వారన. ఏ స్త్రీలను చూసి న్యాయస్థానం బాధపడిందో వాళ్ళలో చాలామంది ఇళ్ళు ఈ మినహాయింపులోనే వున్నాయి.

అయితే మినహాయింపు అంటే చేతులెత్తెయ్యాలని కాదు. ఆ మార్గదర్శకాలు వర్తించకపోయినా 1905 చట్టంలో నోటీసు నిబంధన అలాగే వుంది, ఓల్గా టెల్లిస్ తీర్పు అలాగే వుంది. ప్రభుత్వ భూమి అన్నంత మాత్రాన మనిషి చట్టం బయటికి పోదు. 2021లో ప్రయాగ్‌రాజ్‌లో నోటీసు గోడకి అంటించి మర్నాటికల్లా ఇళ్ళు కూల్చేశారు. స్థలం నజూల్ భూమి, అంటే ప్రభుత్వ లెక్కల్లోది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్టవిరుద్ధమని, ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని అక్కడి డెవలప్‌మెంట్ అథారిటీని ఆదేశించింది. మనిషి చేతికి ఇవ్వడానికి ప్రయత్నించకుండా నోటీసు గోడకి అంటించి చేతులు దులుపుకోవడం కుదరదంది. కోర్టుకి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు విధవరాళ్ళు వున్నారు. వాళ్ళు ఎవరి భార్యలుగానో కాదు, తమ ఇళ్ళ తరఫున తామే పిటిషనర్లుగా నిలబడ్డారు.

చెరువుల మాట

"అయితే చెరువుల్లో, నదిలో ఇళ్ళు వుండనివ్వాలా?" అని మనవాళ్ళే అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. హైదరాబాదులో 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో వచ్చిన వరదలు చూసినవాళ్ళెవరూ చెరువులను కాపాడవద్దని అనలేరు. ఆ వరద నీళ్ళు మొదట దూరేది నాలా పక్క గుడిసెలోకే. అక్కడినుంచి కదలాలని అక్కడి స్త్రీకే అందరికన్నా ఎక్కువ వుంటుంది. ఎక్కడికి, ఎప్పుడు, ఏ పనికి దగ్గరగా, బిడ్డల బడి సంవత్సరం మధ్యలోనా తర్వాతా అన్న ప్రశ్నలు ఆమెవి. వాటికి జవాబు చెప్పకుండా కదిలించడమే అన్యాయం.

2024 జూలైలో హైదరాబాదులో చెరువుల రక్షణ కోసం హైడ్రా ఏర్పాటైంది. ఆ సెప్టెంబరులో అమీన్‌పూర్‌లో ఒక ఆదివారం నాడు జరిపిన కూల్చివేత గురించి తెలంగాణ హైకోర్టు అధికారులను గట్టిగా నిలదీసింది. సెలవు రోజున ఎందుకు కూల్చారు? ఆదివారం కోర్టు వుండదు, వకీలు దొరకడు. సవాలు చేసే హక్కును కాగితం మీద వుంచి, ఆచరణలో లేకుండా చెయ్యడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఆ నెలాఖరులోనే మూసీ పరీవాహకంలో ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేసినప్పుడు, బస్తీల్లో అధికారులకి ఎదురు నిలిచి ప్రశ్నలు వేసినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇళ్ళు చూపించారు. ఆ ఇళ్ళు ఎవరి పేరున, పని చోటికి ఎంత దూరం, కిరాయిదార్ల సంగతేమిటి అన్నవి ప్రత్యామ్నాయం చూపించేశాం అన్న ఒక్క మాటతో తీరిపోయే ప్రశ్నలు కావు.

ఒక దేశం రాసుకున్న మాట

చట్టం ఇంకోలా కూడా వుండవచ్చని చూపించడానికి దక్షిణాఫ్రికాను తలుచుకోవాలి. జాతివివక్ష పాలనలో లక్షలాది నల్లజాతి ప్రజలను ఇళ్ళనుంచి తోలేసిన దేశం అది. ఆ అనుభవంతోనే, అన్ని పరిస్థితులూ పరిశీలించి కోర్టు ఇచ్చిన ఉత్తర్వు లేకుండా ఎవరినీ ఇల్లు ఖాళీ చేయించకూడదని తమ రాజ్యాంగం 26వ సెక్షన్‌లో రాసుకున్నారు. 1998లో చేసిన చట్టంలో ఇంకో అడుగు ముందుకి వేశారు. తొలగింపు ఉత్తర్వు ఇచ్చే ముందు కోర్టు వృద్ధుల, పిల్లల, వికలాంగుల, స్త్రీలు నడిపే కుటుంబాల హక్కులనూ అవసరాలనూ ప్రత్యేకంగా పరిశీలించాలి. అక్కడ ఇది దయ కాదు, న్యాయమూర్తి చెయ్యవలసిన విధి.

అక్కడ ప్రసిద్ధమైన కేసు ఐరీన్ గ్రూట్‌బూమ్ అనే స్త్రీ పేరున వుంది. కేప్‌టౌన్ దగ్గర వాలసిడీన్‌లో నీటమునిగే గుడిసెలనుంచి పక్కనున్న ఖాళీ స్థలంలోకి మారిన జనాన్ని 1999లో చలికాలం మొదట్లో తోలేసి, గుడిసెలు నేలమట్టం చేశారు. నిలువ నీడ లేనివాళ్ళకి తక్షణం ఏమీ చెయ్యని గృహనిర్మాణ విధానం రాజ్యాంగానికి విరుద్ధమని 2000 అక్టోబరు 4న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. ప్రపంచమంతా ఆ తీర్పును పాఠంగా చదువుకుంది. కాని ఐరీన్ గ్రూట్‌బూమ్ 2008లో చనిపోయేనాటికి ఇంకా గుడిసెలోనే వుంది. తీర్పులో గెలవడం వేరు, ఇల్లు దక్కడం వేరు అని ఆమె జీవితం చెబుతుంది. కోర్టు తీర్పు అమలయ్యేదాకా వెంటపడే సంఘం లేకపోతే పేరు మాత్రమే మిగులుతుంది.

మనం చెయ్యవలసింది

స్త్రీల సంఘాలు ఇప్పటిదాకా జేసీబీ వచ్చిన రోజున బస్తీకి వెళ్ళాయి. ఇకనుంచి సర్వేయరు వచ్చిన రోజునే వెళ్ళాలి. సర్వేలో ఇల్లు కాక మనుషులు నమోదయ్యేలా, విధవరాళ్ళు, ఒంటరి స్త్రీలు, కిరాయికి వుండేవాళ్ళు విడిగా నమోదయ్యేలా పట్టుబట్టాలి. అధికారులు రాయకపోతే మనమే రాసి, ఆ జాబితాను తహసీల్దారుకి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అది రేపు కోర్టులో పనికొచ్చే కాగితం. నోటీసు భర్త పేరున వచ్చినా, ఆ ఇంట్లో వుంటున్న స్త్రీ తన పేరున వేరే జవాబు ఇవ్వాలి. ఎన్నేళ్ళుగా వుంటోంది, ఏ పని చేస్తుంది, ఎంత దూరంలో, ఎవరు ఆమె మీద ఆధారపడ్డారు, ఏ ప్రత్యామ్నాయం ఆమెకి సరిపోతుంది అన్నవి అందులో వుండాలి. పట్టా ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయాలి. అటువంటి భూమిని ప్రభుత్వం ప్రజావసరానికి వెనక్కి తీసుకున్నా పూర్తి హక్కుదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని మన హైకోర్టు 2004లో మేకల పాండు కేసులో చెప్పింది.

డబ్బులేక ఆగనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఏ స్త్రీకైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు వుంది. స్త్రీలు స్వంతంగా పిటిషన్లు వెయ్యడానికి ఇది ఒక ఆచరణాత్మక కారణం కూడా. ఈ సంగతి బస్తీల్లో ఎంతమందికి తెలుసో మనల్ని మనమే అడుగుదాం.

పిటిషన్లలో అడిగేది కూడా మారాలి. "నోటీసు లేకుండా తొలగించవద్దు" అన్నదానితో ఆగకుండా, పునరావాసం తేలేదాకా తొలగించవద్దని, ప్రత్యామ్నాయ ఇల్లు అక్కడ వుంటున్న స్త్రీ పేరున ఇవ్వాలని, అది ఆమె పని చోటికి అందుబాటులో వుండాలని, పరీక్షల రోజుల్లోనూ వానాకాలంలోనూ సెలవు రోజుల్లోనూ కూల్చవద్దని అడగాలి. అన్నీ ఇవ్వకపోవచ్చు. కాని అడగనిదాన్ని ఏ కోర్టూ ఇవ్వదు. వీటన్నిటితోపాటు 1905 నాటి చట్టాన్ని సవరించమని రెండు రాష్ట్రాల శాసనసభల మీద వత్తిడి తేవాలి. ఇంట్లో వుంటున్న వయోజనులందరికీ విడివిడిగా నోటీసు ఇవ్వాలన్న నిబంధన, స్త్రీలు నడిపే కుటుంబాల అవసరాలు పరిశీలించకుండా 6వ సెక్షన్ ఉత్తర్వు చెల్లదన్న నిబంధన అందులో చేరాలి. పట్టా రాయడానికి ఆమె పేరు తెలిసిన ప్రభుత్వానికి నోటీసు మీద ఆ పేరు రాయడం కష్టమేమీ కాదు.